చిన్నదాని తరగతి

తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టిన పటాల మాస్టారికి ముందుగా కనబడింది తెల్లబోర్డు దగ్గర వంగి తీగల చిక్కు విప్పుకుంటున్న ఒక అమ్మాయి వీపు. ఈ వీపు నాకు తెలిసినట్టుందే అనుకునేలోపే ఆ అమ్మాయి ఇటు తిరిగింది, చూస్తే తన చిన్నకూతురు. పొద్దున ఇంట్లో అద్దం ముందు జుట్టు సర్దుకుంటూ, "అమ్మా, ఇవాళ నాకు బయట పనుంది, మధ్యాహ్నం తిండికి రాను, నాన్నక్కూడా చెప్పు" అని, రెండడుగుల దూరంలో పేపరు చదువుకుంటున్న తనకు వినబడేటట్టు తల్లితో చెప్పి వెళ్లిన చిన్నది. బయట పనంటే ఇదన్నమాట. తన కాలేజీలో, తన మేడ మీద, తను రోజూ దాటిపోయే కంప్యూటర్ గదిలో. "రండి సార్, మీరు ఏ శాఖండి?" అంది, ఒక్క కంటిరెప్ప కూడా కదలకుండా. "భూగోళశాస్త్రం" అన్నాడు మాస్టారు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ మాట పలుకుతున్నట్టు. "కిటికీ పక్కన కూర్చోండి సార్, అక్కడి కంప్యూటర్ కొంచెం చురుకైంది" అంది. సార్ అంది. అండి అంది. ఇంట్లో నువ్వు తప్ప మీరు అనే మాట ఎరగని పిల్ల. మాస్టారు వెళ్లి కిటికీ పక్కన కూర్చున్నాడు, కూర్చున్నాక గానీ తెలియలేదు తను ఇంకా చేతిలో గొడుగు పట్టుకునే ఉన్నానని.

తాతకు దగ్గులు నేర్పినట్టు నాకిప్పుడీ పాఠాలేమిటండీ అని నిన్ననే శాఖాధిపతి దగ్గర మొత్తుకున్నాడు కూడా. ఆయన వింటేనా. "మీరు పటాలు గీస్తారు కదా, ఇదీ అలాంటిదేనట, వెళ్లిరండి" అని పంపాడు. కాలేజీ వెబ్‌సైట్‌లో ఏ శాఖ పేజీ ఆ శాఖవాళ్లే దిద్దుకోవాలట ఇక మీదట, దానికో తేలిక ఏర్పాటు వచ్చిందట, ఉత్తరం టైపు చేయగలిగినవాడు ఎవడైనా చేయగలడట. చేయాల్సిందే మరి, భూగోళశాఖ పేజీ చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఎప్పుడో పదవీ విరమణ చేసి మనవళ్లనాడించుకుంటున్న పెద్దలంతా అందులో ఇంకా పాఠాలు చెబుతూనే ఉన్నారు, ఏనాటివో ప్రవేశ ప్రకటనలు ఈనాటికీ త్వరపడమంటున్నాయి. పోనీ ఎవరైనా వచ్చి దిద్దుతారంటే మనకు మనమే దిద్దుకోవాలట. అది సరే, ఆ దిద్దుడు నేర్పడానికి ఊళ్లో ఇంకెవరూ దొరకలేదా, ఇదే రావాలా. ఇది అంటే ఇది. ఆ ఎదురుగా నిలబడి, గొంతు సవరించుకుని, "అందరికీ నమస్కారమండి, ముందు ఒక్క మాట, ఇక్కడ మీరేం నొక్కినా కంప్యూటర్ పేలదు" అంటున్నది. అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు, నవ్వితే ఎవరైనా ఏదైనా కనిపెట్టేస్తారేమోనని మూతి బిగించుకున్నాడు, గుమ్మడికాయల దొంగలాగా భుజాలు తడుముకోవడం ఒక్కటే తక్కువ.

దానికీ తనకూ మధ్య దెబ్బలాట ఏమీ లేదు. దెబ్బలాడుకుని ఉంటే ఈపాటికి సర్దుకునేవాళ్లు. తన శాస్త్రంలోనే, తను చదవాలని చదవలేకపోయిన పెద్ద విశ్వవిద్యాలయంలో దానికి పరిశోధనకు సీటొస్తే, వెళ్లి, కొన్నాళ్లుండి, పెట్టె సర్దుకుని తిరిగొచ్చి, "నాన్నా, నాకిది కాదనిపించింది, వెబ్‌సైట్లు చేసే కంపెనీలో చేరతాను" అంది. తను "మంచిది" అన్నాడు. అంతే. ఆ మంచిదిలో ఏమంత మంచి లేదని ఇంట్లో కుర్చీలకు కూడా తెలిసిపోయింది. అప్పట్నుంచీ మాటలున్నాయి గానీ మాట్లాడుకోవడం లేదు. ఇల్లాలే మధ్యలో తపాలా ఆఫీసు. నాన్నతో చెప్పమ్మా, చిన్నదాన్ని అడుగు, ఆయన మందులేసుకున్నారో లేదో కనుక్కో, దాని బండిలో పెట్రోలుందో లేదో చూడమను. ఒకరోజు ఆవిడకు విసుగొచ్చి, "ఇద్దరూ ఒకే బల్ల మీద తింటున్నారు, నన్ను ఉప్పు గిన్నె అనుకున్నారా, అటూ ఇటూ జరపడానికి" అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఇద్దరూ కంచాల్లోకి చూస్తూ ఎవరి నవ్వు వాళ్లు మింగేశారు.

"శీర్షికలు పెట్టేటప్పుడు అక్షరాలు లావు చేసి వదిలేస్తాం మనం. లావు చేస్తే శీర్షిక అవదండి" అంటోంది చిన్నది. "ఇది శీర్షిక అని పేజీకి చెప్పాలి. ఎందుకంటే చూపు లేనివాళ్లు కూడా మన పేజీ చదువుతారు. వాళ్లకు తెర మీది అక్షరాల్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. వాళ్లు ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకు గెంతుకుంటూ వెళ్తారు, మనం కళ్లతో గెంతినట్టే. లావు అక్షరాలు చెవికి వినబడవు కదండీ." వినబడవు. ఆ మాట మాస్టారికి ఎక్కడో తగిలింది. పటం మీద నది పేరు ఒరిగి నడుస్తుంది, కొండల పేరు అక్షరాలు ఎడం ఎడంగా కాళ్లు చాపుకుని పడుకుంటుంది, రాజధాని పేరు నిటారుగా నిలబడుతుంది, అక్షరం ఒడ్డూ పొడుగూ చూసి ఊరి హోదా చెప్పొచ్చు అని తను ఇన్నేళ్లుగా తరగతి తరగతికీ చెప్పుకుంటూ వచ్చాడు. అదంతా కళ్లున్నవాడికే. లేనివాడికి నదీ ఒకటే, కొండా ఒకటే. ఇంతకాలం ఇది నాకెందుకు తట్టలేదు. తట్టకపోతే పోయింది, పటం పటమే, పేజీ పేజీయే, రెండూ ఒకటని ఎవరైనా అంటే ఒప్పుకునేది లేదు, శాఖాధిపతి అన్నా సరే. అయినా చేతులు ఊరుకోవు కదా, మౌస్ కదిలించి భూగోళశాఖ చరిత్ర అన్న లావు మాటల్ని పట్టుకుని, పైన చిన్నది చూపించిన చోట శీర్షిక అని నొక్కాడు. ఆ మాటలు ఒక్కసారి ఒళ్లు విరుచుకుని పంక్తిలోంచి లేచి నిలబడ్డాయి. ఎవరూ చూడకుండా ఇంకొకటి చేశాడు. బాగుంది.

పక్క కుర్చీలో భాషాశాఖ నుంచి వచ్చిన వ్యాకరణం మాస్టారు ఒక్క వేలితో, ఒక్కో అక్షరానికీ ఒక్కో నిట్టూర్పు చొప్పున టైపు చేస్తున్నాడు. అడిగిందే అడుగుతున్నాడు పాపం, అమ్మా, దాచడం ఏది, ప్రచురించడం ఏది. చిన్నది వచ్చి, అప్పుడే మొదటిసారి వింటున్నట్టు తల ఊపి, "దాచు అంటే మీ సొరుగులో పెట్టుకోవడం మాస్టారూ, ప్రచురించు అంటే నోటీసుబోర్డుకి అంటించడం" అని చెప్పి వెళ్తోంది, కాసేపాగి ఆయన మళ్లీ పిలుస్తున్నాడు, మళ్లీ వచ్చి ఈసారి ఇంకో పోలికతో చెబుతోంది. ఈ ఓపిక ఎక్కణ్నుంచి వచ్చింది దీనికి. తన వైపు నుంచి మాత్రం కాదు, తన వంశంలో ఏ ప్రశ్నకైనా రెండోసారికి కనుబొమ్మలు లేస్తాయి, మూడోసారికి మనిషే లేస్తాడు. వ్యాకరణం మాస్టారు ఇటు వంగి, "ఎవరి పిల్లో గానీ, ఏం ఓర్పండీ, కన్నవాళ్లు పెట్టి పుట్టారు" అన్నాడు గుసగుసగా. "ఎవరో లెండి" అన్నాడు మాస్టారు. అని, కిటికీలోంచి బయటికి చూశాడు. బయట సైకిళ్ల వరస, గోడ మీద ఒక పిల్లి, ఎండ. లోపల ఎక్కడో, చిన్నప్పుడు జేబులో బెల్లంముక్క దాచుకుని ఎవరికీ చెప్పకుండా తిరిగినప్పటి సంబరం. పిల్లి గోడ దిగి వెళ్లిపోయేదాకా అటే చూస్తూ కూర్చున్నాడు, ఇటు తిరిగితే ముఖం చెప్పేస్తుందని.

వెనక వరసలోంచి రసాయనశాఖ ఆఫీసు మేడమ్ ముందుకు వంగింది, ఆవిడకు తెలియని సంగతి కాలేజీలో పుట్టలేదు. "వెనకాల చూశారా, వైస్‌ప్రిన్సిపాల్ గారు కూర్చున్నారు. ఈ పిల్లకిది మొదటి క్లాసట. ఇవాళ ఆయనకి నచ్చితే అన్ని శాఖలకీ ఈ అమ్మాయే వచ్చి నేర్పుతుంది, కంపెనీలో ఉద్యోగం ఖాయం చేస్తారట. నచ్చకపోతే కాలేజీ వేరేవాళ్లని చూసుకుంటుంది. మా మరిదిది ఆ ఆఫీసే లెండి" అంది. మాస్టారు మెల్లగా మెడ తిప్పి చూశాడు. వైస్‌ప్రిన్సిపాల్ చేతులు కట్టుకుని, ఒళ్లో ట్యాబ్ పెట్టుకుని, నచ్చకపోవడానికి సిద్ధంగా ఉన్న మనిషిలాగా కూర్చున్నాడు. అయితే నిన్న సాయంత్రం పక్కగదిలో అటూ ఇటూ తిరుగుతూ అది గోడతో మాట్లాడింది ఇందుకా, నేనేమో ఇంతసేపు ఎవరితోనే ఫోను అని వాళ్లమ్మ దగ్గర సణిగాను, వాళ్లమ్మ ఒక చూపు చూసింది. ఆ చూపుకర్థం ఇదన్నమాట. ఇద్దరూ కలిసి నా దగ్గర దాచారు. ఎందుకు దాచారో అడగక్కర్లేదు. చెబితే నేను మంచిది అంటాను కదా. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు, ఇల్లు గెలవనివ్వకపోతే పిల్ల నేరుగా రచ్చకే వచ్చింది. వచ్చి నిలబడింది. చేతిలో ఉన్న మార్కర్ మూత తీసి పెట్టి తీసి పెట్టి చేస్తోంది. అది భయపడినప్పుడు చేసే పని, పరీక్షల రోజుల్లో పెన్ను మూతలన్నీ వదులైపోయేవి. గదిలో ఇంతమందిలో ఆ సంగతి తెలిసినవాడు తనొక్కడే. మాస్టారు నిటారుగా కూర్చున్నాడు. ఈ గదిలో అందరికన్నా ముందు, అందరికన్నా బాగా ఈ పని నేర్చుకుని తీరాలి, ఈ పిల్ల చెబితే పటాలు గీసే ముసలాడికి కూడా వచ్చేస్తుందని ఆ వెనకాయన కళ్లారా చూడాలి.

ఉత్సాహం ఎక్కువైతే జరిగేదే జరిగింది. అందరూ తమ శాఖ పేజీకి నకలుగా అభ్యాసానికి ఇచ్చిన ఉత్తుత్తి పేజీలో చేస్తున్నారు, మాస్టారు మాత్రం మొదట్నుంచీ అసలు పేజీలోనే కూర్చున్నాడు, ఆ సంగతి ఆయనకు తెలియదు. పదవీ విరమణ చేసినవాళ్లను ఒక్కొక్కరినే తీసేయడమెందుకు, పట్టుకుంటే అందరినీ ఒకేసారి పట్టుకోవచ్చని మౌస్ లాగాడు, అది పెద్దలతో ఆగకుండా కిందికంటా పోయింది, పేజీ అంతా నీలంగా మెరిసింది, ఏదో ఒక మీట తగిలింది, తెర తెల్లగా అయిపోయింది. అయ్యో అనుకుని పక్కనున్న ఆకుపచ్చ బొత్తాం నొక్కాడు, ఆకుపచ్చ అంటే మంచే జరుగుతుందన్న నమ్మకంతో. అది ప్రచురించు బొత్తాం. రెండు నిమిషాలైందో లేదో వెనక నుంచి వైస్‌ప్రిన్సిపాల్ గొంతు వినబడింది. "ఏమండీ, వెబ్‌సైట్‌లో భూగోళం కనబడటం లేదు."

గదిలో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. అడుసు తొక్కనేల కాలు కడగనేల, గొడుగు పుచ్చుకుని ఇంటికెళ్లిపోయి ఉంటే ఎంత హాయి. పేజీలో ఉన్న నాలుగు మాటలూ పోయాయి, శాఖ పోయింది, అది కాదు, పిల్ల ఉద్యోగం. ఊడగొట్టింది కన్నతండ్రి, కిటికీ పక్కన కూర్చుని, చురుకైన కంప్యూటర్‌తో. చిన్నది నడిచొచ్చింది. పక్కన నిలబడింది, ఇంట్లో వాడే సబ్బు వాసన. ఇప్పుడు మౌస్ లాక్కుంటుంది, లాక్కోవాలి కూడా, తనైతే లాక్కునేవాడు. అది బళ్లో చదివేటప్పుడు సముద్రతీరం గీత దానికి వంకర పోతుంటే ఇలా ఇవ్వు అని పెన్సిల్ తీసుకుని తనే గీసిచ్చేశాడు, ఆ పటానికి బహుమతొచ్చింది, అది ఆ బహుమతి తెచ్చి తన బల్ల మీద పెట్టి, "ఇది నీది నాన్నా" అంది, కోపంగా కాదు, లెక్క సరిచూసి అప్పగిస్తున్నట్టుగా. అప్పుడు తను ఎంత నవ్వాడో, వచ్చినవాళ్లందరికీ చెప్పి చెప్పి నవ్వాడు. నవ్వాడే గానీ అదేమందో విన్నాడా. పరిశోధన వదిలేసి వచ్చిన రోజు కూడా అది అన్నది అదే కాదా, మాటలు వేరు గానీ.

"మౌస్ మీ చేతిలోనే ఉంచండి సార్" అంది చిన్నది. "పైన గడియారం బొమ్మ ఉంది చూడండి, దాన్ని నొక్కండి." నొక్కాడు. పాత ప్రతుల వరస తెరుచుకుంది. "నిన్నటిది ఎంచుకోండి. ఊఁ. ఇప్పుడు తిరిగి తెచ్చుకో అన్నదాన్ని నొక్కండి." తొందరపెట్టలేదు. తన వేలు బొత్తాం వెతుక్కుంటే ఆగింది. శాఖ తిరిగొచ్చింది, చరిత్రా వచ్చింది, పెద్దలంతా ఎవరి బెంచీల్లో వాళ్లు మళ్లీ కూర్చున్నారు. "ఇంత తేలిగ్గా పోతే ఎలాగమ్మా?" అన్నాడు వైస్‌ప్రిన్సిపాల్. చిన్నది ఆయన వైపు తిరిగింది. "పోవడం ఎంత తేలికో తెచ్చుకోవడమూ అంతే తేలికండి. చివర్లో నేనే ఒక పేజీ చెరిపి చూపించాలనుకున్నాను, సార్ ఆ పని నాకు తప్పించారు" అంది. మళ్లీ అందరూ నవ్వారు, ఈసారి మాస్టారు కూడా నవ్వాడు, వైస్‌ప్రిన్సిపాల్ కట్టుకున్న చేతులు విప్పి ట్యాబ్ మీద ఏదో రాసుకున్నాడు. చిన్నది బోర్డు దగ్గరికి వెళ్లింది. మార్కర్ మూత జోలికి పోలేదు.

"ఇంకొక్కటే ఉందండి, బొమ్మలు. చూపు లేనివాళ్లకు బొమ్మను కూడా మాటల్లో చెప్పాలి. మీ పేజీలో ఉన్న ఫొటో ఒకటి తీసుకుని, కింద వివరణ అని ఉన్న గడిలో ఒకటి రెండు వాక్యాలు రాయండి. బొమ్మలో ఏమేం ఉన్నాయో జాబితా వద్దు. ఆ బొమ్మ అక్కడ ఎందుకుందో చెప్పండి." మాస్టారు కిందికి జరిపాడు. భూగోళశాఖ పేజీలో ఉన్నదే ఒక్క ఫొటో, పెట్టమని ఇచ్చింది తనే. కొండవాలు, సర్వే నేర్చుకోవడానికి వెళ్లిన పిల్లలు, మూడు కాళ్ల మీద నిలబెట్టిన పాత దుర్బిణి, పక్కన నల్లటి జుట్టుతో తను. దుర్బిణికి అందక ఒక రాయెక్కి నిలబడి, ఒక కన్ను మూసి, రెండో కన్ను గాజుకు ఆనించిన గౌనుపిల్ల. ఆ ఏడాది వాళ్లమ్మకు ఒంట్లో బాగాలేక దీన్ని వెంటబెట్టుకెళ్లాడు, దారి పొడుగునా అడుగుతూనే ఉంది, ఇదేంటి, అదెందుకు. ఫొటో పెట్టేటప్పుడు శాఖాధిపతి అడిగితే పరికరం స్పష్టంగా కనబడుతోందండీ అన్నాడు. ఇప్పుడు గడిలో టైపు చేశాడు: కొండవాలు మీద సర్వే పరికరంతో విద్యార్థులు. చదువుకున్నాడు. చూపు లేని మనిషి ఎక్కడో కూర్చుని ఇది వింటాడు. వింటే అతనికి ఏం తెలుస్తుంది. ఈ విద్యార్థులంతా ఎందుకు నవ్వుతున్నారో తెలుస్తుందా, ఒకడు నవ్వలేక పొట్ట పట్టుకున్నాడే, అది తెలుస్తుందా. ఆ పాత దుర్బిణుల్లో అంతా తలకిందులుగా కనబడుతుంది, ఆ సంగతి పిల్లకు ఎవరూ చెప్పలేదు. అది చూసి, తల ఎత్తి, ఎదురుగా కర్రలు పట్టుకుని నిలబడ్డవాళ్లనీ పక్కనున్న తననీ మార్చి మార్చి చూసి అంది కదా, అని మళ్లీ గాజుకు కన్ను ఆనించింది. ఆ మాట ఇప్పటికీ ఆ గొంతుతోనే వినబడుతోంది. ఫొటో అక్కడ ఎందుకుంది అంటే అందుకుంది, పరికరం కోసం ఎవడు పెట్టాడు. మాస్టారు రాసింది చెరిపాడు, ఈసారి జాగ్రత్తగా, పట్టుకున్నంత మేరకే. రెండు చేతులా టైపు చేశాడు. చివర ఇంకో వాక్యం దానంతటదే వచ్చి చేరింది.

"ఇప్పుడు చదివించి విందామండి" అంటూ చిన్నది ఒక్కొక్కరి పేజీనీ పెద్దతెర మీదికి తెచ్చింది. యంత్రం గొంతు ఎవరిమీదా ప్రేమా పగా లేకుండా చదువుతోంది. రసాయనశాఖలో ఒక పరీక్షనాళిక. భాషాశాఖలో ఒక నిలువెత్తు పుస్తకాల బీరువా, అదీ ప్రచురితమై, వ్యాకరణం మాస్టారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. తర్వాత భూగోళం. కొండవాలు తెర నిండా పరుచుకుంది, రాయెక్కిన గౌనుపిల్లతో సహా. చిన్నది ఫొటో వంక ఒకసారి చూసి చదివించే బొత్తాం నొక్కింది. యంత్రం మొదలుపెట్టింది, ఆగాల్సిన చోట ఆగకుండా, ఆగకూడని చోట ఆగుతూ. "చిత్రం. సర్వే దుర్బిణిలోంచి. చూసి అందరూ తలకిందులుగా ఉన్నారు మా నాన్న. ఒక్కడే సరిగ్గా ఉన్నాడు అన్న నా చిన్నకూతురి మాటకు. నవ్వుతున్న విద్యార్థులు. ఆ మాటలో మొదటి సగం నిజం. రెండో సగం. సవరించవలసి ఉంది."

చిన్నది తెర వైపే తిరిగి ఉంది, వీపే కనబడుతోంది. ఆ వీపు ఒకసారి పైకి లేచి దిగింది. అటే తిరిగి ఉండి, "చివరి వాక్యం బొమ్మలో లేదు" అంది. గొంతు పాఠం చెప్పే గొంతే. "బొమ్మలో లేనిది వివరణలో రాయకూడదు. తీసెయ్యాలి నాన్నా."

వ్యాకరణం మాస్టారి కుర్చీ కిర్రుమంటూ ఇటు తిరిగింది.

"తీయను" అన్నాడు పటాల మాస్టారు.

చిన్నది వెనక్కి తిరిగింది. కళ్లు తుడుచుకోలేదు, తుడుచుకోవలసినంత తడి ఉన్నా. నవ్వు మాత్రం మింగలేదు. "నేనిక్కడ టీచర్ని" అంది.

"అందుకే అడుగుతున్నా, ప్రచురించమంటావా, సొరుగులో పెట్టమంటావా?"

"నొక్కు" అంది చిన్నది.